హరాల్డ్ నీల్సన్‌ను డెన్మార్క్ ఎందుకు వదులుకుంది?

ఆటకు జీతం తీసుకునేవాడికి జాతీయ జట్టులో చోటు లేదన్న డెన్మార్క్ ఫుట్‌బాల్ సంఘం నిబంధన ఆ దేశానికి ఎంత నష్టం చేసిందో తెలియాలంటే హరాల్డ్ నీల్సన్ ఒక్కడి సంగతి చూస్తే చాలు. ఫ్రెడరిక్స్‌హావ్న్ అనే రేవు పట్టణం నుంచి వచ్చిన ఈ ఫార్వర్డ్, 1959, 1960 సంవత్సరాల్లో ఔత్సాహిక ఆటగాడిగా 14 అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడి 15 గోల్స్ చేశాడు. రోమ్ ఒలింపిక్స్ నాటికి అతనికి 18 ఏళ్లు. అక్కడ 6 గోల్స్ కొట్టి జట్టు రజత పతకం గెలవడంలో ముఖ్యపాత్ర పోషించాడు. మన సికింద్రాబాద్‌కు చెందిన తులసీదాస్ బలరామ్ గోల్ కొట్టినా, భారత్‌పై 2-1తో గట్టెక్కిన హంగరీని అదే పోటీల సెమీఫైనల్లో డెన్మార్క్ 2-0తో ఓడించింది.

1961లో నీల్సన్ ఇటలీలోని బొలోన్యా క్లబ్‌లో చేరాడు. అంతటితో అతని అంతర్జాతీయ జీవితం ముగిసిపోయింది. అతను చేసిన తప్పల్లా తనకు వచ్చిన విద్యతో బతుకుదెరువు చూసుకోవడమే. ఇటలీ లీగ్‌లో 1962-63లో మరొకరితో కలిసి, ఆ మరుసటి సీజన్‌లో ఒంటరిగా అత్యధిక గోల్స్ వీరుడిగా నిలిచాడు.

1964 జూన్‌లో జరిగింది మరీ బాధ కలిగిస్తుంది. ఆ నెల 7న రోమ్‌లో లీగ్ టైటిల్ కోసం జరిగిన నిర్ణాయక మ్యాచ్‌లో, అప్పుడే యూరప్ క్లబ్‌ల పోటీ అయిన యూరోపియన్ కప్ గెలిచి వచ్చిన ఇంటర్ మిలాన్‌ను బొలోన్యా 2-0తో ఓడించింది. రెండో గోల్ నీల్సన్‌దే. సరిగ్గా పది రోజులకు, బార్సిలోనాలో జాతీయ జట్లు ఆడే యూరప్ దేశాల కప్ (నేటి యూరో) సెమీఫైనల్లో, అతను లేని డెన్మార్క్ ఒక్క గోల్ కూడా చేయలేక సోవియట్ యూనియన్ చేతిలో 0-3తో ఓడింది.

అక్కడిదాకా రావడమే ఔత్సాహిక విధానం గొప్పతనమని వాదించవచ్చు. ఓలే మాడ్సెన్ వంటి మేటి ఆటగాడు ఆ విధానంలోనే ఎదిగాడన్నదీ నిజమే. కానీ ఆ దారిలో డెన్మార్క్‌కు ఎదురైనవి మాల్టా, అల్బేనియా, లక్సెంబర్గ్. గట్టి ప్రత్యర్థి తగిలిన నాడు, దేశంలోని అత్యుత్తమ ఫార్వర్డ్‌ను నిబంధన పేరుతో బయట కూర్చోబెట్టడాన్ని ఏ ఆదర్శమూ సమర్థించలేదని నేను గట్టిగా నమ్ముతాను.

1971లో సంఘం ఆ నిషేధాన్ని ఎత్తేసింది. దాని ఫలం, విదేశీ క్లబ్‌లకు ఆడుతూనే దేశానికీ ఆడగలిగిన అలన్ సిమన్సెన్ తరానికి దక్కింది. అప్పటికే ఆటకు స్వస్తి చెప్పిన నీల్సన్, స్వదేశంలో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ రావాలని గట్టిగా పట్టుబట్టిన వారిలో ముందు నిలిచాడు. 1978లో అది వచ్చింది.