రెండేళ్ల కిందటి జీతంతో ఈ ఏటి ఫీజు

2026-27లో అమెరికా కాలేజీలో చదివే విద్యార్థి ఫాఫ్సా (ప్రభుత్వ ఆర్థిక సాయం కోసం పెట్టే) దరఖాస్తు తల్లిదండ్రుల 2024 ఆదాయాన్ని చూస్తుంది. ఆ తర్వాత ఉద్యోగం ఊడినా సాయాన్ని లెక్కగట్టే ఫార్ములాకు తెలియదు. లేఆఫ్ తగిలిన తెలుగు ఐటీ కుటుంబాల చిక్కు ఇదే. (నాన్న హెచ్‌-1బీ మీద ఉన్నా, అమెరికా పౌరసత్వమున్న పిల్లల సాయం అర్హతకు అడ్డు కాదు.)

దారి చట్టంలోనే ఉంది. పేరు ప్రొఫెషనల్ జడ్జ్‌మెంట్. ఆర్థిక సాయం చూసే కాలేజీ ఎయిడ్ ఆఫీసుకు ఫార్ములాను ముట్టుకునే వీల్లేదు, అందులో వేసే అంకెల్ని మాత్రం మార్చగలదు. కాబట్టి ఆ మార్పు కోరుతూ ఎయిడ్ ఆఫీసుకు రాసే అప్పీలు లేఖలో కష్టాల కథ రెండు వాక్యాలు చాలు, మిగతాదంతా కూడిక. 2024లో ఇంటి ఆదాయం 1,45,000 డాలర్లు అనుకుందాం. ఈ మార్చి చివర్లో నాన్నను తీసేశారు. ఆయన మూడు నెలల జీతం 30,000, సెవరెన్స్ (తొలగించినప్పుడు కంపెనీ ఇచ్చే పరిహారం) 12,000, అమ్మ ఏడాది జీతం 38,000. మొత్తం 80,000. ఈ లెక్క మొదటి పేరాలోనే ఉండాలి. వెనక తొలగింపు లేఖ, ఇద్దరి తాజా పే స్టబ్‌లు (జీతం చీటీలు), సెవరెన్స్ పత్రం, 2024 పన్ను రిటర్ను జతచేయాలి. చాలామంది సెవరెన్స్ రాయడం మరిచిపోతారు. అది పే స్టబ్‌లో కనబడితే మిగతా అంకెల మీదా నమ్మకం పోతుంది. నాన్న హైదరాబాద్ వెళ్లి ఉద్యోగంలో చేరితే ఆ రూపాయల జీతాన్నీ డాలర్లలోకి మార్చి చూపాల్సిందే.

ఇన్సూరెన్స్ కట్టని ఆసుపత్రి బిల్లులు, 2024లో ఒక్కసారికే వచ్చిన ఆదాయం కూడా అప్పీలుకు నిలుస్తాయి. క్రెడిట్ కార్డు బాకీ, కారు వాయిదాలు నిలవవు.

ముందు ఫాఫ్సా పూర్తి కావాలి. వెరిఫికేషన్‌కు (దరఖాస్తులోని వివరాల తనిఖీకి) ఎంపిక చేస్తే అదీ ముగియాలి. ఆ తర్వాతే అప్పీలు. ఒక కాలేజీ ఒప్పుకున్నది ఇంకో కాలేజీకి చెల్లదు, వచ్చే ఏడాదికీ చెల్లదు.

ఆశ మాత్రం కొలతలో ఉండాలి. తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలకు ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంట్ గరిష్ఠమే 7,395 డాలర్లు. ఐటీ జీతం సగానికి పడినా అంత మొత్తం చాలా ఇళ్లకు రాదు. చదువుకునేటప్పుడు వడ్డీని ప్రభుత్వమే భరించే సబ్సిడీ లోన్ మొదటి ఏడాది 3,500 దాటదు. అసలు డబ్బు సొంత నిధులున్న ప్రైవేటు కాలేజీల్లో ఉంటుంది. వాటిలో చాలావరకు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే మరో సాయం దరఖాస్తు అడుగుతాయి, అప్పీలు ఫారం కూడా వేరుగా పెట్టుకుంటాయి.

చట్టంలో లోటు ఇక్కడే. అప్పీళ్లన్నిటినీ గుండుగుత్తగా తోసిపుచ్చే విధానం కాలేజీ పెట్టుకోకూడదు, కానీ ఒక్కొక్కటిగా కాదంటే పైన అడిగే చోటు లేదు. అమెరికా ఫెడరల్ విద్యా శాఖ కూడా ఆ తీర్పును తిరగరాయదు. అవే కాగితాలకు రెండు కాలేజీలు రెండు జవాబులివ్వడం మామూలే. సీటు ఖాయం చేసుకునే గడువు చాలాచోట్ల మే 1. ఏప్రిల్ చివర్లో పంపిన అప్పీలుకు అప్పటికి జవాబు రాకపోవచ్చు. అందుకే ఎయిడ్ ఆఫర్ చేతికందిన వారంలోనే పంపాలి, గడువు పొడిగింపును అదే మెయిల్‌లో అడగాలి.