కేవైసీ గారికి ఉభయ కుశలోపరి

మహారాజశ్రీ కేవైసీ గారికి,

తెనాలి నుంచి ఒక ఖాతాదారు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు. వారానికి మూడు మెసేజీలు పంపే ఓపిక ఉందంటే మీ ఆరోగ్యానికి లోటేమీ లేనట్టే.

మీ పూర్తి పేరు 'నో యువర్ కస్టమర్' అని ఈమధ్యే తెలిసింది. 'నీ ఖాతాదారు ఎవరో తెలుసుకో' అని అర్థమట. ఇంగ్లీషులో ఏమోగానీ, తెలుగులో రాస్తే 'తెలుసుకో' అనే నోకీ 'కుదరదు' అనే నోకీ తేడా కనిపించదు. కౌంటర్ దగ్గరా కనిపించదు.

సంగతికొస్తాను. పోయిన నెల మందుల షాపుకు వెళ్ళాను. నాకు బీపీ మాత్రలు, మా అత్తగారికి మోకాళ్ళకు రాసే మందు, కలిపి 640 రూపాయలు. ఫోన్ తీసి స్కాన్ చేసి పిన్ కొట్టాను. చక్రం తిరిగి తిరిగి ఎర్ర గుర్తు దగ్గర ఆగింది. షాపుల్లో మాట్లాడే డబ్బా ఒకటి ఉంటుంది చూడండి, పది రూపాయలు పడ్డా వీధంతా వినపడేలా చెబుతుంది, అది నోరు మెదపలేదు. నా వెనకాల నలుగురు. "నెట్ ప్రాబ్లమా ఆంటీ?" అన్నాడు షాపబ్బాయి, నా పరువు కాపాడటానికి. బీపీ మాత్రల కోసం వెళ్ళి బీపీ తెచ్చుకున్నాను.

బ్యాంకుకు వెళ్తే అప్పుడు చెప్పారు, మీ పేరు చెప్పి నా ఖాతా ఆపేశారని. డబ్బు లోపలికి వెళ్తుందట, బయటికి రాదట. అచ్చం మా మామగారి ఇనప్పెట్టె లాగా. కారణం అడిగితే, నేనెవరో బ్యాంకుకు తెలియదన్నారు.

అయ్యా, ఆ ఖాతా నేను 1994లో తెరిచాను. అప్పటికి మన బ్యాంకుల్లో మీ ఊసే లేదు. మీ పని ఇంట్రడ్యూసర్ అనే ఆయన చూసేవారు. అదే బ్యాంకులో ఖాతా ఉన్న మనిషి ఒకరు 'ఈవిడ నాకు తెలుసు' అని ఫారం మీద సంతకం పెట్టాలన్నమాట. నాకు మా వీధి చివర కిరాణా కొట్టు షావుకారు గారు పెట్టారు. ఊరికే పెట్టారా? ఖాతా ఎందుకమ్మా అని ఆరా తీసి, మా మామగారి ఉబ్బసం ఎలా ఉందో కనుక్కుని, పద్దులో మా పాత బాకీ ఎంతుందో గుర్తుచేసి, అప్పుడు పెట్టారు. మేనేజరు గారు నా వంక చూడనైనా చూడలేదు. షావుకారు సంతకం చూసి పాస్‌బుక్కు చేతిలో పెట్టారు.

తర్వాత మీరొచ్చారు. 2002లో రిజర్వు బ్యాంకు మీ గురించి బ్యాంకులకు చెప్పింది. 2005లో మనీ లాండరింగ్ నిరోధక చట్టం అమల్లోకి వచ్చింది. నల్లడబ్బు ఉతికే పెద్దమనుషుల్ని పట్టుకోవడానికే ఇదంతా అన్నారు. ఆ మాట మీద నాదొక నేరం ఒప్పుకోవాలి. నేనూ ఒకసారి డబ్బు ఉతికాను. మా ఆయన చొక్కా జేబులో మరిచిపోయిన యాభై నోటు, సర్ఫుతో సహా. ఇస్త్రీ చేశాక కూరల బండివాడు కూడా తీసుకోలేదు.

మీ లెక్కలో రిస్కు ఎక్కువున్న వాళ్ళను రెండేళ్ళకోసారి, మధ్యరకం వాళ్ళను ఎనిమిదేళ్ళకోసారి, తక్కువున్న వాళ్ళను పదేళ్ళకోసారి మళ్ళీ తెలుసుకోవాలట. నేను 'లో రిస్క్' అని కౌంటర్లో అమ్మాయి చెప్పగానే ఎంత సంతోషమేసిందో! ముగ్గురు ఆడపడుచులున్న ఇంటికి కోడలిగా వచ్చిన నన్ను ఎవరైనా అలా అనడం అదే మొదలు.

ఈ పదేళ్ళలో నాలో ఏం మారిందట? జుట్టు తప్ప ఏమీ మారలేదు. మారింది బ్యాంకులు. 1923లో మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్యగారు పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అంతకు మూడేళ్ళ ముందు అదే ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ పెద్ద స్టేట్ బ్యాంకులో కలిసింది. (తేదీ ఎంచిందెవరో వాళ్ళకు నా నమస్కారాలు.) నా బ్యాంకు ఏదో మాత్రం చెప్పను, రేపు మళ్ళీ ఆ కౌంటర్‌కే వెళ్ళాలి. బోర్డులు మారాయి, కోడ్‌లు మారాయి, చెక్కుబుక్కులు మారాయి. మేమెవరమైనా వెళ్ళి, ఏదీ మీ పాత పేరుకి, కొత్త పేరుకి రెండు ఫోటోలు, సంతకం పెట్టిన జిరాక్సు పట్టుకురండి అన్నామా?

ఇక నా పేరు సంగతి. ఆధార్‌లో అత్తింటి పేరు ముందుంది. పాన్ కార్డులో పుట్టింటి పేరు చివర్లో ఉంది. పాస్‌బుక్కులో ఇంటిపేరు లేదు, ఒట్టి పొడి అక్షరం, పక్కన చుక్క. పేరులో లక్ష్మి ఉంది. 'క్ష'కి ఒకచోట ఎక్స్ వేశారు, ఇంకోచోట కె ఎస్ హెచ్ వేశారు. ఈ మూడూ ఒకే మనిషని నేను చెబితే చెల్లదట. అలా లక్ష్మిని బ్యాంకు గుమ్మంలోనే నిలబెట్టారు.

సంతకమూ కలవలేదు. పాతికేళ్ళ వయసులో తోకలు తిప్పి పెట్టిన సంతకం అది. ఇప్పుడు బొటనవేలు పట్టేస్తే కలమే నిలవదు. అప్పటి సంతకం కావాలంటే అప్పటి చెయ్యి తెమ్మనండి. పోనీ వేలిముద్ర వేద్దామంటే మిషను నాలుగుసార్లు కాదంది. ముప్పై ఏళ్ళు అంట్లు తోమిన వేళ్ళు, గీతలు ఎక్కడివి? "తుడుచుకుని మళ్ళీ పెట్టండమ్మా" అన్నారు. ఇంకేం తుడవను, ఉన్నదంతా తోముడులోనే పోయింది. మా అత్తగారిది ఇంకో బాధ. ఫ్యామిలీ పెన్షన్ కోసం ఏటా నవంబరులో ఆవిడ ఫోన్ కెమెరా ముందు కూర్చుని కళ్ళార్పి, బతికున్నట్టు ఒప్పించాలి. "నేనున్నానని నీకు బాగా తెలుసు కదే, నువ్వు చెప్పరాదూ" అంటుంది నాతో. నా మాట నాకే చెల్లడం లేదత్తయ్యా అన్నాను.

బెంగళూరు నుంచి మా అబ్బాయి ఫోన్లో ధైర్యం చెప్పాడు. వివరాలేమీ మారకపోతే 'మారలేదు' అని మెయిల్లోనో మొబైల్లోనో రాసిస్తే చాలని, బ్రాంచికి రానక్కర్లేదని రిజర్వు బ్యాంకు 2023 జనవరిలోనే చెప్పిందట. ఆ ముక్క కౌంటర్లో చెప్పాను. "నిజమేనమ్మా, కానీ మా సిస్టమ్‌లో ఆ ఆప్షన్ రావట్లేదు" అంది పాపం ఆ అమ్మాయి. ఆమె ముందు ముప్పైమంది, చేతిలో ఫోను, పక్క కుర్చీ ఖాళీ. ఆమెనేం అంటాం?

మా అబ్బాయి ఇంకో మాట కూడా చెప్పాడు. కేవైసీ గడువు దగ్గరపడుతోందని బ్యాంకే గడువులోపు మూడుసార్లు చెప్పాలని, అందులో ఒక్కటైనా ఉత్తరం ఉండాలని 2025 జూన్‌లో వచ్చిన ఉత్తర్వట. మా పోస్ట్‌మాన్ నాకైతే ఏమీ తేలేదు. అందుకే నేనే మీకు రాస్తున్నాను, మనలో ఒకరైనా రూలు పాటించాలి కదా.

మెసేజీలు పంపాం కదా అంటారు. పంపారు. నేనే చదివి తీసేశాను. కేవైసీ అని మెసేజ్ వస్తే నమ్మొద్దు, లింకు నొక్కొద్దు, మోసపోతే 1930కి ఫోన్ చెయ్యమని చెప్పింది ఎవరు? మీవాళ్ళే. పోయిన ఏడు ఒకతను ఫోన్ చేశాడు. నా పేరు ఇంటిపేరుతో సహా పలికాడు, 'క్ష' ఎక్కడా తడబడలేదు. నమస్కారం మేడమ్ అన్నాడు, భోజనం అయిందా అన్నాడు. వెంటనే పెట్టేశాను. నా పేరు అంత సరిగ్గా పలికాడంటే బ్యాంకువాడు కాడని తెలియదా?

అసలు కడుపు మండింది దీనికి కాదు. ఆ రోజు కౌంటర్లో రెండు గంటలు నిలబడి, నేనెవరో తెలియని మనిషిగా తిరిగి వస్తుంటే, క్యాబిన్‌లోంచి కోటు వేసుకున్న అబ్బాయి ఎదురొచ్చాడు. "రండి మేడమ్, కూర్చోండి" అన్నాడు. టీ వచ్చింది. వచ్చే నెల నా నాలుగు లక్షల ఎఫ్‌డీ గడువు తీరుతుందని ఆయనకు తెలుసు. నాకు 57 నిండాయని తెలుసు. మా వాడు బెంగళూరులో ఉన్నాడనీ, వాడికి ఇంకా పెళ్ళి కాలేదనీ తెలుసు. ఆ డబ్బు ఏదో పాలసీలో పెట్టమని, "ఎఫ్‌డీ లాంటిదే మేడమ్, ఐదేళ్ళు కడితే చాలు" అన్నాడు. ఇన్సూరెన్సా నాయనా అంటే, ఇన్సూరెన్స్ లాంటిదే కానీ కాదన్నాడు. మరి నా కేవైసీ అవలేదుగా అన్నాను. "దానిదేముంది, నేను చేయించేస్తా" అన్నాడు. ఆ సాయంత్రం ఏడు లక్షల పర్సనల్ లోను మంజూరైందని మెసేజ్ కూడా వచ్చింది. ఏ కాగితాలూ అక్కర్లేదట. అప్పు ఇవ్వడానికి నేనెవరో తెలుసు, నా 640 నాకివ్వడానికే తెలియదు!

టీ తాగి వచ్చేశాను. పాలసీ తీసుకోలేదు.

తర్వాత తొమ్మిది రోజులు తిరిగాను. తిరిగిన ప్రతిసారీ బ్యాంకు పక్క జిరాక్సు షాపే గతి. మీ చలవ వల్ల పైకొచ్చింది ఆ షాపొక్కటే, కొత్తగా ఏసీ కూడా పెట్టించుకున్నాడు. "మళ్ళీ కేవైసీనా ఆంటీ? నాకు వాట్సాప్ చెయ్యండి, తీసిస్తా" అంటాడు. గ్యాసు బండకి, రేషన్ కార్డుకి, మా ఆయన కారు ఫాస్టాగ్‌కి, అన్నిటికీ అతనే. రెండు వైపులూ ఒకే పేజీలో రావాలని, సంతకం ఫోటో మీద సగం పడాలని, ఏ కౌంటర్లో ఎవరు ఏ రోజు సెలవో కూడా అతనే చెబుతాడు.

నిన్న మెసేజ్ వచ్చింది, నా కేవైసీ పూర్తయిందని. 'డియర్ కస్టమర్' అని ఉంది. ఇంత తెలుసుకున్నాక పేరు పెట్టి పిలుస్తారనుకున్నాను. పోనీలెండి. మళ్ళీ పదేళ్ళకు, నాకు 67 వచ్చాక కలుద్దాం. బొటనవేలు అప్పటికి ఎలా ఉంటుందో మాట ఇవ్వలేను.

ఇట్లు,
మీరు కొత్తగా తెలుసుకున్న
పాత ఖాతాదారు

తా.క. ఈ ఉత్తరానికి ఆధార్, పాన్ జిరాక్సులు జతచేయలేదు. కావాలంటే బ్యాంకు పక్క షాపులో అడగండి, ఆ అబ్బాయి ఫోన్లో ఉన్నాయి.