సర్టిఫికెట్లు బీరువాలో.. మనుషులు రైల్లో

మా పత్రిక చిన్న ప్రకటనల పేజీని ఓ ఏడాది వరసగా చూసినవాళ్లకు ఒక సంగతి తట్టే ఉంటుంది. హన్మకొండ ఆస్పత్రికి నర్సులు కావలెను, బట్టల షోరూంకు సేల్స్ గర్ల్స్ కావలెను, ఎనుమాముల మార్కెట్ దగ్గర కమీషన్ దుకాణానికి గుమాస్తా కావలెను. ఇవి కొత్త కొలువులేమీ కావు. నిరుడు కావలెను అన్నవాళ్లే ఈ ఏడూ కావలెను అంటున్నారు. ఫోన్ నంబరు అదే, చివరి ముక్క కూడా అదే: ‘జీతం అనుభవాన్ని బట్టి’. ఒకే ప్రకటన మళ్లీ మళ్లీ వస్తే మాకు ఆదాయమే, అబద్ధమెందుకు? ఊరికి మాత్రం అది మంచి లక్షణం కాదు.

యజమానుల్ని కదిపితే అందరిదీ ఒకే మాట. ‘మనుషులు దొరుకుతలేరు సార్, దొరికినా నిలుస్తలేరు. పని నేర్చుకునేదాకా ఉంటరు, నేర్చుకున్నంక హైదరాబాద్ బండెక్కుతరు.’ ఇందులో నిజం లేకపోలేదు. ఆదివారం సాయంత్రం కాజీపేట జంక్షన్‌కు వెళ్లి చూడండి. సికింద్రాబాద్ వైపు బండి వచ్చేసరికి ప్లాట్‌ఫాం నిండా పాతికేళ్ల లోపు పిల్లలే. వీపున బ్యాగు, చేతిలో అమ్మ కట్టిచ్చిన పచ్చడి డబ్బా. అక్కడ వచ్చే అదనపు ఐదారు వేలు హాస్టల్‌కూ సిటీ బస్సుకూ సరిపోతాయని వాళ్లకు తెలియక కాదు. అయినా ఎందుకు పోతున్నారో అడిగితే చాలామంది నోట వచ్చే మాట జీతం కాదు, పేస్లిప్.

వరంగల్‌లో ఎన్నో చోట్ల జీతం ఇంకా కవర్లో పెట్టి చేతికిస్తారు, లేదంటే యజమాని ఫోన్ నుంచి ఉద్యోగి ఫోన్‌కు కొడతారు. బైకు లోనుకు బ్యాంకుకు పోతే మూడు నెలల పేస్లిప్పులు తెమ్మంటారు. ఆరేళ్లు ఒకే ఆస్పత్రిలో పనిచేసిన ల్యాబ్ టెక్నీషియన్ దగ్గర తాను ఉద్యోగినని చూపించడానికి మెడలో వేసుకునే ఐడీ కార్డు తప్ప ఇంకేమీ ఉండదు. అదే పిల్లవాడు ఉప్పల్‌లో ఏడాది చేస్తే పీఎఫ్ ఖాతా, ఇన్సూరెన్స్ కార్డు, నెలనెలా మెయిల్‌కు వచ్చే పేస్లిప్ ఉంటాయి. పెళ్లి సంబంధం చూడవచ్చినవాళ్లు కూడా ఇప్పుడు ఇవే అడుగుతున్నారు.

ఇక్కడి సంస్థలు మనిషిని పట్టి ఉంచడానికి వాడుతున్న సాధనం వేరు. చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టడం. పదో తరగతి మెమో నుంచి డిగ్రీ ప్రొవిజనల్ దాకా అన్నీ. మధ్యలో మానేస్తానంటే రెండు మూడు నెలల జీతం కట్టి తీసుకుపొమ్మంటారు. కొన్ని ప్రైవేటు కాలేజీలు, నర్సింగ్ హోంలు దీన్ని ఒక పద్ధతిగానే పాటిస్తున్నాయి. ఇట్లా పట్టి ఉంచిన మనిషి పని మీద మనసు పెడతాడా? సర్టిఫికెట్లు ఎట్లా బయటికి తెచ్చుకోవాలన్నదే వాడి ఆలోచన. తెచ్చుకున్న మర్నాడు ఉండడు.

మనుషుల్ని నిలబెట్టుకునే విద్య ఈ ప్రాంతానికి తెలియనిదేం కాదు. 1934లో నిజాం కాలంలో పెట్టిన ఆజంజాహి మిల్లు మూతపడి రెండు దశాబ్దాలు దాటింది. సైరన్ లేదు, చిమ్నీ లేదు. కానీ పోలీస్ స్టేషన్ పేరు ఇప్పటికీ మిల్స్ కాలనీయే. మిల్లు మనుషులకు ఉండటానికి చోటిచ్చింది కాబట్టి ఆ పేరు మిగిలింది. తండ్రి తర్వాత కొడుకు అదే గేటులోంచి పనికి పోయిన కుటుంబాలు ఈ నగరంలో చాలా ఉన్నాయి. మిల్లు పోయాక నేత పని తెలిసినవాళ్లు సూరత్‌కు, భివండికి, సోలాపూర్‌కు దారి పట్టారు. గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబర్‌లో పునాదిరాయి వేసినప్పుడు చెప్పిన మాట కూడా అదే: సూరత్ పోయినవాళ్లు తిరిగి రావాలి. షెడ్లు లేస్తే మనుషులు వాళ్లంతట వాళ్లే వస్తారనుకోవడం తప్పు. సూరత్‌లో పాతికేళ్లు స్థిరపడినవాడు పిల్లల బడి, అద్దె ఇల్లు, భార్యకు పని, ముసలి తల్లికి ఆస్పత్రి ఇవన్నీ లెక్కేసుకునే కదులుతాడు.

సింగరేణి సంగతి ఉత్తర తెలంగాణలో ఎవరికీ చెప్పక్కర్లేదు. గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, భూపాలపల్లి ఎక్కడికి పోయినా ‘బాయి పని’ అంటే పిల్లనిచ్చేవాళ్లు వెనకాడరు. భూమి లోపల వందల అడుగుల కింద, ఉక్కపోతలో, ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని చేసే పని అది. అయినా ఆ ఉద్యోగం కోసం కుటుంబాలు కొట్లాడుకుంటాయి. క్వార్టర్, కంపెనీ ఆస్పత్రి, లాభాల్లో వాటా, మనిషికి ఏదైనా అయితే ఇంట్లో ఇంకొకరికి కొలువు వస్తుందన్న ఆశ దానికి కారణం. లాభాల్లో వాటా ఇవ్వడం 1999లో పది శాతంతో మొదలైంది. 2023-24కు వచ్చిన లాభంలో విస్తరణ పనులకు తీసిపెట్టగా మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు కార్మికులకు ప్రకటించారు. సగటున మనిషికి 1 లక్షా 90 వేలు. దసరా ముందు కోల్‌బెల్ట్ బజార్లలో బంగారం దుకాణాలు, బైకు షోరూంలు కిటకిటలాడేది ఈ డబ్బుతోనే.

అదే ఏడాది, అదే సింగరేణిలో కాంట్రాక్టు కార్మికుడికి వచ్చింది 5 వేలు. అది కూడా తొలిసారి ఇచ్చారు కాబట్టి సంతోషించాలట! ఒకే ఓపెన్‌కాస్టులో, ఒకే దుమ్ము మింగుతూ, ఒకే షిఫ్టు దిగిన ఇద్దరి మధ్య 1 లక్షా 85 వేల తేడా. సింగరేణిని పొగిడేటప్పుడు ఈ లెక్క కూడా పక్కన పెట్టుకోవాలి. పర్మనెంటువాడు నిలబడతాడు, కాంట్రాక్టువాడు గల్ఫ్ ఏజెంటు ఫోన్ కోసం ఎదురుచూస్తాడు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు గల్ఫ్ కష్టాలు తెలియని ఊరు లేదు. అయినా పోయేవాళ్లు పోతూనే ఉన్నారు. అక్కడ రూము ఇస్తారు, రెండేళ్లకోసారి ఇంటికి టికెట్ ఇస్తారు, వచ్చేసేటప్పుడు చేతిలో ఏకమొత్తం పెడతారు అన్న నమ్మకం ఉంది. ఆ నమ్మకం ఎన్నిసార్లు మోసపోయిందన్నది వేరే కథ.

సింగరేణి అంత స్తోమత మాకెక్కడిదని వరంగల్ దుకాణదారు, నర్సింగ్ హోం యజమాని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. వాళ్లను క్వార్టర్లు కట్టమని ఎవరూ అనడం లేదు. చట్టం ఇప్పటికే ఇవ్వమన్నది ఇస్తే చాలు, సగం మంది రైలెక్కడం మానేస్తారు. లెక్క చూద్దాం. నెలకు 14 వేల జీతగాడికి పీఎఫ్ కింద యజమాని కట్టేది బీమా, పరిపాలన ఖర్చులతో కలిపి 13 శాతం. అంటే 1,820 రూపాయలు. ఈఎస్‌ఐకి 3.25 శాతం, 455 రూపాయలు. మొత్తం 2,275. దీనికి బదులు ఉద్యోగికి వచ్చేది ఏమిటి? దాచుకున్న సొమ్ము, పెన్షన్, జబ్బు చేస్తే కుటుంబం మొత్తానికి వైద్యం, పనికి రాలేని రోజులకు ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతం. సర్వీసులో ఉండగా చనిపోతే పీఎఫ్ ఖాతాతో ముడిపడిన బీమా కింద నామినీకి రూ.7 లక్షల దాకా వస్తుంది. ఈ చివరిది ఉందని చాలా కుటుంబాలకు తెలియనే తెలియదు. దశదిన కర్మ అయ్యాక యజమాని ఇచ్చిన పాతిక వేలే మహాభాగ్యమని దండం పెట్టి వస్తారు.

దీన్ని ఎగ్గొట్టడానికి పడుతున్న పాట్లు చూస్తే నవ్వొస్తుంది. 20 మంది ఉంటే పీఎఫ్ తప్పనిసరి. కాబట్టి రిజిస్టర్‌లో ఎప్పుడూ 19 మందే ఉంటారు. ఇరవయ్యోవాడు పదేళ్లుగా ట్రైనీ! పది మంది ఉంటే ఈఎస్‌ఐ కట్టాలి. కాబట్టి ఒకే షట్టర్ కింద, ఒకే గల్లాపెట్టె మీద రెండు ఫర్ముల బోర్డులు. ఇక కట్టేవాళ్లలోనూ కొందరు యజమాని వాటా, ఉద్యోగి వాటా రెండూ ఉద్యోగి జీతంలోంచే కోస్తారు. చేరేటప్పుడు 14 వేలని చెప్పి, మొదటి నెల చేతికి పది వేలకు అటూఇటూగా వచ్చేసరికి ఆ పిల్లకు పీఎఫ్ అంటేనే విరక్తి పుడుతుంది. ‘నాకు కటింగులు వద్దు సార్’ అంటుంది. యజమాని దాన్నే చూపించి, వాళ్లే వద్దంటున్నారు అంటాడు. యజమాని వాటాను జీతంలోంచి కోయడం చట్టవిరుద్ధమని ఆమెకు చెప్పేవాళ్లు లేరు.

కొత్తగా మనిషిని పెట్టుకునేవాళ్లకు కేంద్రం ఇస్తున్న ఆసరా గురించి మన వర్తక సంఘాలు ఎందుకో పెద్దగా మాట్లాడటం లేదు. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 మధ్య అదనంగా ఉద్యోగులను చేర్చుకుని, కనీసం ఆరు నెలలు ఉంచుకుంటే, ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన కింద యజమానికి మనిషికి నెలకు 3 వేల దాకా రెండేళ్లు వస్తుంది. తయారీ రంగానికి నాలుగేళ్లు. యాభై మంది లోపు ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని చేర్చుకోవాలి. 10 వేలు దాటి 20 వేల లోపు జీతానికి వచ్చేది నెలకు 2 వేలు. ఇందాకటి 14 వేల ఉద్యోగి లెక్కలో యజమాని జేబులోంచి నిజంగా పోయేది 275 రూపాయలు! మొదటిసారి ఉద్యోగంలో చేరిన పిల్లలకు కూడా రూ.15 వేల దాకా రెండు విడతల్లో పడుతుంది. అసలు షరతు, అంతా పీఎఫ్ ఖాతా ద్వారానే జరగాలి. 19 మంది రిజిస్టర్లకు ఇది అందదు.

ఆడపిల్లల విషయంలో ఇంకో అపోహ ఉంది. పెళ్లయిన అమ్మాయిని పెట్టుకుంటే ఆరు నెలలు ఊరికే జీతం ఇవ్వాలని భయపడి, ఇంటర్వ్యూలోనే ‘పెళ్లెప్పుడు?’ అని అడిగే యజమానులున్నారు. 26 వారాల ప్రసూతి సెలవు నిజమే. కానీ ఉద్యోగి ఈఎస్‌ఐ పరిధిలో ఉండి, నిబంధన ప్రకారం చందా పడుతూ ఉంటే ఆ జీతం ఇచ్చేది ఈఎస్‌ఐ కార్పొరేషన్, యజమాని కాదు. నెలకు 455 కట్టడానికి వెనకాడి ఆరు నెలల జీతం భారం నెత్తికెత్తుకుంటున్నది యజమానులే.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాలు, అంటే లేబర్ కోడ్‌లతో మరికొన్ని మారాయి. నియామక పత్రం అందరికీ ఇవ్వాలి. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి గ్రాట్యుటీ (కొలువు వదిలేటప్పుడు యజమాని ఇచ్చే ఏకమొత్తం) కోసం ఐదేళ్లు ఆగక్కర్లేదు, ఏడాది చాలు. ఐదేళ్లు నిండే ముందు నెలలో పిలిచి ‘రేపట్నుంచి రావద్దు’ అనే పాత విద్య కాంట్రాక్టు పెట్టుకున్నవాళ్ల దగ్గర ఇక చెల్లదు. 14 వేల జీతం మీద ఏడాదికి గ్రాట్యుటీ ఎనిమిది వేల చిల్లర. దీన్ని ఎగ్గొట్టడానికి నాలుగేళ్ల పదకొండు నెలలు పని నేర్చిన మనిషిని పోగొట్టుకోవడం ఏ లెక్క ప్రకారం లాభమో మాకు అర్థం కాలేదు. ఆపరేషన్ థియేటర్‌లో డాక్టర్ చెయ్యి చాపకముందే పరికరం అందించే నర్సు ఒక్కరోజులో తయారు కాదు.

చట్టం చెప్పనివి కొన్నున్నాయి. మనిషి ఊళ్లో ఉండిపోవాలా పోవాలా అన్నది చాలాసార్లు వాటి దగ్గరే తేలుతుంది. సద్దుల బతుకమ్మ నాడు సాయంత్రం నాలుగింటికి షోరూం అమ్మాయిని ఇంటికి పంపరు, దసరా గిరాకీ ఉంటుంది కాబట్టి. తోటి ఆడపిల్లలు పద్మాక్షి గుట్ట దగ్గర ఆడుతుంటే ఈమె చీరలు మడతపెడుతుంటుంది. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు సెలవడిగితే ఒకరోజుకు రెండు రోజుల నాగా కోస్తారు. ముందుగానే వంతులు వేసుకుని సగం మందిని బుధవారం, సగం మందిని శుక్రవారం పంపడానికి పైసా ఖర్చు లేదు. టెక్స్‌టైల్ పార్కులో రెండో షిఫ్టు దిగిన అమ్మాయి పర్వతగిరి పక్క పల్లెకు రాత్రి ఎట్లా చేరాలి? రాత్రి షిఫ్టుకు ఆడవాళ్లను తీసుకుంటే వాళ్ల సమ్మతి, భద్రత, రవాణా చూడాలని కోడ్‌లోనే ఉంది. బస్సు ఊరి బయట రోడ్డు మీద ఆగుతుందా, వాడకట్టు దాకా వస్తుందా అన్నదాన్ని బట్టే ఆ అమ్మాయి తల్లి మర్నాడు పంపాలా వద్దా అని తేల్చుకుంటుంది. యాభై మంది, అంతకు మించి ఉన్న చోట క్రెష్ ఉండాలి. ఈ నగరంలో పసిపిల్లల ఉయ్యాల ఉన్న షాపింగ్ మాల్ ఏదైనా ఉంటే పాఠకులు మాకు రాయండి, సంతోషంగా ఫొటో వేస్తాం.

ప్రైవేటు బడుల పరిస్థితి మరీ అన్యాయం. పది నెలల జీతం మీద పన్నెండు నెలలు బతకాల్సిన టీచర్లు ఇంకా ఉన్నారు. ఎండాకాలం జీతం లేదు కానీ అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగాలి. గ్రాట్యుటీ ప్రైవేటు టీచర్లకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022లో తేల్చి చెప్పింది.

ఇవన్నీ రాసేటప్పుడు అద్దంలో మొహం చూసుకోకపోతే బాగుండదు. మండలాల నుంచి వార్తలు పంపే విలేకరుల్లో చాలామందికి నెల జీతమన్నదే లేని రంగం మాది. వాళ్ల గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు పత్రికలన్నీ ఒక్కటే గొంతుతో మౌనంగా ఉంటాయి. ఆ నింద మామీదా ఉంది.

కార్మిక శాఖ 19 మంది రిజిస్టర్లను ఒక్కసారి తలలు లెక్కపెట్టి సరిచూడాలి. దానికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు, మధ్యాహ్నం భోజనం వేళ వెళ్తే టిఫిన్ డబ్బాలే లెక్క చెబుతాయి. సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకునే సంస్థల మీద ఫిర్యాదు చేయడానికి, పేరు బయటపడకుండా చూసే ఏర్పాటు కలెక్టరేట్‌లో ఉండాలి. జాబ్ మేళాలు పెట్టే అధికారులు ఎన్ని కంపెనీలు వచ్చాయో చెప్పి ఊరుకోకుండా, చేరినవాళ్లలో ఆరు నెలల తర్వాత ఎంతమంది మిగిలారో కూడా ప్రకటించాలి.

మా వంతుగా ఒక పని చేస్తాం. ఇకనుంచి చిన్న ప్రకటనల్లో పీఎఫ్, ఈఎస్‌ఐ, వారపు సెలవు ఉన్నాయని రాసి ఇచ్చే సంస్థల నుంచి ఆ లైనుకు డబ్బు తీసుకోం. ‘జీతం అనుభవాన్ని బట్టి’ అన్న లైనుకు మాత్రం మామూలు రేటే.