‘మ్యాచ్’ అని టూల్ అన్నప్పుడు ఏది దేనితో కలిసింది?

రెండు స్కీమాటిక్‌లను, అంటే సర్క్యూట్ బొమ్మలను, పక్కపక్కన తెరిచి కళ్లతో పోల్చే అలవాటు చిప్ డిజైన్‌లో ఇంకా పోలేదు. పాత సర్క్యూట్‌ను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకున్నప్పుడో, ఒకరు గీసినదాన్ని మరొకరు సర్ది గీసినప్పుడో, ఒక్కో తీగ వెంటే చూపు పోనిచ్చి ‘ఏమీ మారలేదు’ అనేస్తారు. నేనూ ఒకసారి అలాగే అన్నాను. ఆ స్కీమాటిక్‌లో ఒక పీమాస్ రకం ట్రాన్సిస్టర్ బల్క్, అంటే దాని నాలుగో కాలు, వేరే సప్లైకి కలిసి ఉంది. మూడు కాళ్ల సింబల్‌లో అది కనబడదు. అది ఏ నెట్‌కు, అంటే ఏ తీగకు, వెళ్లాలో ప్రాపర్టీల్లో రాసి ఉంటుంది. బొమ్మలు మాత్రం అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. రెండింటి నెట్‌లిస్ట్‌లూ (ఏది దేనితో కలిసిందో చెప్పే జాబితాలు) తీసి, వాటిని పోల్చే టూల్‌కు ఇచ్చాక గానీ తేడా బయటపడలేదు.

ఎలాగూ చివర్లో ఎల్‌వీఎస్ (లేఅవుట్ వర్సెస్ స్కీమాటిక్) తనిఖీ ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ ధీమా తప్పు. ఎల్‌వీఎస్ పోల్చేది లేఅవుట్‌ను, అంటే చిప్ మీద పరిచే ఆకారాల నమూనాను, స్కీమాటిక్‌తో. స్కీమాటిక్‌లోనే తప్పు దొర్లితే లేఅవుట్ ఆ తప్పును బుద్ధిగా అనుసరిస్తుంది, రెండూ చక్కగా కలుస్తాయి. కాబట్టి మార్పు చేసిన ప్రతిసారీ పాత స్కీమాటిక్‌ను కొత్తదానితో టూల్ ద్వారా పోల్చాలి. ‘మ్యాచ్’ అని వచ్చినప్పుడు, దేన్ని దేనితో సమానంగా చూడమని మనమే ఆ టూల్‌కు చెప్పామో చదవాలి. మొదటి పని కొందరైనా చేస్తున్నారు. రెండోది చేసేవాళ్లు నాకు అరుదుగా కనిపిస్తున్నారు.

టూల్ బొమ్మను చూడదు, లోపలి పేర్లనూ పెద్దగా నమ్మదు. ట్రాన్సిస్టర్లు, నెట్‌లు బిందువులుగా, ట్రాన్సిస్టర్ కాళ్లు (గేట్, డ్రెయిన్, సోర్స్, బల్క్) గీతలుగా ఒక గ్రాఫ్ తయారుచేసుకుంటుంది. మూడు గేట్లు, ఒక డ్రెయిన్ కలిసిన నెట్‌కు ఒక గుర్తు, రెండు సోర్సులే కలిసిన నెట్‌కు మరో గుర్తు ఇస్తుంది. తర్వాత ఒక్కో బిందువు తన పొరుగువాళ్ల గుర్తులను కలుపుకొని కొత్త గుర్తు తెచ్చుకుంటుంది. ఇలా కొన్ని రౌండ్లు తిరిగేసరికి చాలావరకు ప్రతి బిందువుకూ తనదైన గుర్తు మిగులుతుంది, రెండు వైపులా జతలు తేలిపోతాయి. ఏ రెండు గ్రాఫ్‌లైనా ఒకటేనా అని తేల్చడం సిద్ధాంతపరంగా కష్టమైన ప్రశ్నే. 2015లో గణితవేత్త లాస్లో బబాయ్ ప్రకటించిన పద్ధతి దానిమీద పెద్ద ముందడుగు. అయితే నిజమైన సర్క్యూట్లలో ఒక్కో మూల ఒక్కోలా ఉంటుంది కాబట్టి టూల్ పని సాధారణంగా తేలిగ్గానే జరిగిపోతుంది.

చిక్కంతా సౌష్ఠవం ఉన్నచోట వస్తుంది. రెండు ఇన్‌పుట్ల మధ్య తేడాను పెంచి రెండు అవుట్‌పుట్లుగా ఇచ్చే ఫుల్లీ డిఫరెన్షియల్ యాంప్లిఫయర్‌ను తీసుకోండి. ఎడమ సగం, కుడి సగం అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి. ఎవరో పొరపాటున ప్లస్, మైనస్ ఇన్‌పుట్ల పేర్లు మార్చేశారనుకుందాం. పిన్ పేర్లు పక్కనపెడితే ఆ రెండు గ్రాఫ్‌లూ నూటికి నూరుపాళ్లు ఒకటే, టూల్ తప్పుపట్టడానికేమీ లేదు. కానీ దాన్ని లూప్‌లో పెట్టగానే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ కాస్తా పాజిటివ్ అయిపోతుంది, మొదటికే మోసం. పై స్థాయి పిన్‌లను పేర్లతో సహా సరిపోల్చమన్నప్పుడే ఇది దొరుకుతుంది. ఓపెన్ సోర్స్ టూల్ నెట్‌జెన్ ‘సర్క్యూట్స్ మ్యాచ్ యూనిక్లీ’ అని చెప్పాక కూడా పిన్‌ల ఫలితాన్ని, ప్రాపర్టీ తేడాలను విడిగా చెబుతుంది. మొదటి వాక్యం చూడగానే విండో మూసేయడం ప్రమాదం.

ఇక కలిపేసే రూల్స్. ఒక స్కీమాటిక్‌లో 10 మైక్రాన్ల వెడల్పున్న ట్రాన్సిస్టర్ ఒకటి, మరోదానిలో 2 మైక్రాన్లవి ఐదు పక్కపక్కన ఉన్నాయనుకోండి. ప్యారలల్‌గా ఉన్నవాటిని కలిపేయమని, టూల్‌కు మనం రూల్స్ రాసిచ్చే సెటప్ ఫైల్‌లో ఉంటే టూల్ మొత్తం వెడల్పు లెక్కేసి రెండూ ఒకటే అంటుంది. లాజిక్ గేట్‌లో అది సబబే. ఒక కరెంట్‌ను నిర్ణీత నిష్పత్తిలో నకలు చేసే కరెంట్ మిర్రర్‌లో కాదు. తయారీలో ప్రతి ట్రాన్సిస్టర్ వెడల్పూ దాదాపు ఒకే మొత్తంలో కొంచెం తేడా పడుతుంది. ఐదు ముక్కలుంటే ఆ తేడా ఐదుసార్లు వస్తుంది, ఒకే ముక్కయితే ఒక్కసారే. రెఫరెన్స్ ట్రాన్సిస్టర్ 2 మైక్రాన్లదైతే 1:5 నిష్పత్తి కచ్చితంగా నిలిచేది ఐదు ముక్కలతోనే. డిజైనర్ కావాలని చేసిన ఆ పనిని టూల్ మన అనుమతితోనే చెరిపేసింది.

ఒక శాతం లోపు తేడాను వదిలేయమనే టాలరెన్స్ కూడా అంతే. 10 మైక్రాన్ల పక్కన 10.09 ఉంటే టూల్ కిమ్మనదు. ఒకేలా ఉండాల్సిన జత ట్రాన్సిస్టర్లలో ఆ కాస్తే ఆఫ్‌సెట్‌గా, అంటే రెండు వైపుల మధ్య ఉండకూడని తేడాగా, మారుతుంది. నాండ్ అనే లాజిక్ గేట్ ఇన్‌పుట్లు అటూఇటూ అయినా పర్వాలేదన్న రూల్ లాజిక్‌కు సరిపోతుంది, టైమింగ్‌కు సరిపోదు. సిరీస్‌లో అవుట్‌పుట్‌కు దగ్గరున్న ట్రాన్సిస్టర్‌కూ దూరంగా ఉన్నదానికీ ఆలస్యం ఒకటి కాదు. ఇక బ్లాక్ బాక్స్‌గా వదిలేసిన సెల్ లోపలికి టూల్ అసలు తొంగి కూడా చూడదు.

అమరిక వేరైనా చేసే పని ఒకటేనా అన్నది ఇంకో ప్రశ్న. దానికి, రెండింటి లాజిక్ ఒకటేనని గణితంతో తేల్చే ఫార్మల్ ఈక్వివలెన్స్ టూల్స్ ఉన్నాయి. 1986లో కంప్యూటర్ శాస్త్రవేత్త రాండల్ బ్రయంట్ చూపిన బీడీడీ (బైనరీ డిసిషన్ డయాగ్రమ్) పద్ధతి వాటికి ఊపిరి పోసింది, మల్టిప్లయర్ల దగ్గర మాత్రం చతికిలబడింది. అనలాగ్ బ్లాక్‌లకు అదేమీ పనికిరాదు. అక్కడ మనకున్న ఆధారం అమరికను పోల్చడమే. అందుకే సెటప్ ఫైల్‌ను సర్క్యూట్‌తో సమానంగా రివ్యూకు పెట్టాలంటాను. ఏ సెల్‌ను బ్లాక్ బాక్స్ చేశారు, ఎందుకు చేశారు, టాలరెన్స్ ఎవరు ఎంత పెట్టారు అన్నవి డిజైన్ రికార్డులో ఉండాలి.

నా వరకు నేను ఇప్పుడు ‘మ్యాచ్’ రాగానే ఆగను. కొత్త స్కీమాటిక్ కాపీ ఒకటి తీసుకుని, ఒక బల్క్‌ను తప్పు నెట్‌కు కలుపుతాను, మిర్రర్‌లో ఒక ముక్క తీసేస్తాను, రెండు పిన్‌ల పేర్లు తారుమారు చేస్తాను. ఒక్కోదానికీ విడిగా మళ్లీ రన్ చేస్తాను. మూడుసార్లూ టూల్ తప్పు చూపిస్తే మొదటి ‘మ్యాచ్’ను ఉంచుతాను. ఒక్కసారి మౌనంగా ఉన్నా సెటప్ ఫైల్ మొదటి లైన్ నుంచి చదవడం మొదలుపెడతాను.