పులిహోర చల్లారకూడదని

మొన్న వినాయక చవితికి మా అపార్ట్‌మెంట్ పందిట్లో మోగింది నేను అసెంబుల్ చేసిన ఆంప్లిఫైయరే. సౌండ్ వాళ్లకి అద్దె దండగ, మనవాడే ఉన్నాడుగా అని కమిటీ అంది, నేను ఉబ్బిపోయాను. కోఠి గుజరాతీ గల్లీలో పార్టుల కోసం తిరగడం, బేరాలు, బోర్డుల సోల్డరింగ్, అదంతా వదిలేద్దాం. గొడవంతా పై డబ్బా, అంటే క్యాబినెట్‌తోనే.

ఛానెల్‌కి సౌండ్ పెంచే 5200, 1943 నంబర్ల ట్రాన్సిస్టర్లు మూడు జతలు, ప్లస్ మైనస్ 60 వోల్టులు, 8 ఓమ్‌ల స్పీకర్లు. లెక్క వేస్తే ఒక్కో ఛానెల్ నుంచి 90 వాట్ల దాకా వేడి వస్తుంది. అదీ వాల్యూమ్ పూర్తిగా పెంచినప్పుడు కాదు, నడిమధ్యన ఉన్నప్పుడు. ఫుల్‌లో ఉంటే వోల్టేజీలో ఎక్కువ భాగం స్పీకర్‌కే పోతుంది, మధ్యలో ఉంటే మిగిలిందంతా ట్రాన్సిస్టర్లే మోయాలి. ఈ ముక్క చెప్తే మా ట్రెజరర్ నన్ను అదోలా చూశాడు. సౌండ్ తగ్గిస్తే వేడి పెరగడం ఏంటయ్యా, నీకు ఒంట్లో బాగానే ఉందా అన్నట్టు.

ఫ్యాన్ పెట్టొచ్చు. కానీ పందిట్లో సాంబ్రాణి పొగ, కర్పూరం మసి, దుమ్ము, అన్నీ లోపలికి లాగి బోర్డుల మీద పరుస్తుంది. అందుకని ఫ్యాన్ లేకుండా, హీట్ సింక్ (ట్రాన్సిస్టర్ల వేడి లాగి గాలికి వదిలే లోహపు దిమ్మ) రెక్కలు నిలువుగా పెట్టి, కింది స్లాట్లలోంచి చల్లగాలి, పై మూత స్లాట్లలోంచి వేడిగాలి, దాని దారిన అది పోయేలా డ్రాయింగ్ గీశాను. బాలానగర్‌లో ఒక ఫ్యాబ్రికేటర్‌కి ఇచ్చాను. ఆ మహానుభావుడు "ఇన్ని కన్నాలు పెడితే లుక్ పోతది సార్" అని పైన సగం స్లాట్లు ఎగరగొట్టాడు. ఎర్త్ వైరు బిగించే చోటు ఒక్కటైనా వదలమంటే వదలకుండా లోపలా బయటా పౌడర్ కోటింగ్ కొట్టాడు. ఆ కోటింగ్ కరెంటును పోనివ్వదు, దాని మీద ఎర్త్ బిగిస్తే ఉన్నా లేనట్టే, కాబట్టి ఉప్పు కాగితంతో గీకుతూ కూర్చున్నాను. బిల్లులో మాత్రం స్లాట్లు డ్రాయింగ్ ప్రకారమే ఉన్నాయి, జీఎస్టీతో సహా.

దేనికైనా మంచిదని హీట్ సింక్ మీద 75 డిగ్రీల థర్మల్ స్విచ్ ఒకటి బిగించాను. బొటనవేలి గోరంత ఉంటుంది. వేడెక్కితే స్పీకర్ల దారిలో ఉన్న రిలే అనే స్విచ్ పడిపోయి స్పీకర్లు ఆగుతాయి, చల్లబడితే తనే మళ్లీ కలుపుతుంది.

నిమజ్జనం ముందు రాత్రి. కోలాటం పాటలు బాగా మోగాక ప్రెసిడెంట్‌గారు మైకు అందుకున్నారు. బాలాపూర్ లడ్డూ వేలంలో 1994లో 450 రూపాయలకు పోయింది, 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలకు పోయింది. ఈ రెండు అంకెలూ ఆయనకి నోటికొచ్చు, సొంత మనవడి పుట్టినరోజు రాకపోయినా. "మన లడ్డూ కూడా ఏదో ఒకనాడు..." అన్నారు. టక్. నిశ్శబ్దం.

నేను మీటర్ పట్టుకుని పరిగెత్తాను. ఫ్యూజు బాగుంది. కరెంటు ఉంది. అప్పటిదాకా నేనేం చేస్తున్నానంటే, ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడికి గాలి కింద నుంచి పైకి ఎలా వెళ్తుందో చేతులూపుతూ చెప్తూ పులిహోర తింటున్నాను. ఆ పులిహోర వచ్చిన బేసిన్ మూడో అంతస్తు పిన్నిగారిది. ఇప్పుడావిడ దాన్నెత్తుకుని వరుసలో ఉన్నవాళ్లకి వడ్డించడానికి వెళ్లారు. ఎక్కడి నుంచి ఎత్తారా అని చూస్తే, నా ఆంప్లిఫైయర్ మీద నుంచి. మూత మీద గుండ్రంగా నూనె మరక, ఒక స్లాట్‌లో కరివేపాకు రెబ్బ, ఇంకో స్లాట్‌లో రెండు ఆవాలు. ఫ్యాబ్రికేటర్ దయతో మిగిలిన స్లాట్లన్నీ సరిగ్గా ఆ బేసిన్ కిందకే వచ్చాయి.

"పిన్నిగారూ, దీని మీద పెట్టారా?"

"అవును బాబూ, వెచ్చగా ఉంది కదా, చల్లారకుండా ఉంటుందని. ఏం, బరువైందా?"

సరే, బేసిన్ పోయింది, గాలి ఆడుతోంది, చల్లబడితే అదే వస్తుంది. ఆ మాట నేను వెళ్లి ప్రెసిడెంట్‌గారికి చెప్పాలి. చెప్పేవాణ్ణే. కానీ కరివేపాకు ఇంకా లోపలికి జారిపోకుండా పట్టకారుతో లాగే పనిలో ఉన్నాను. ఆయనేమో స్టేజి మీద మైకు గుండెకి ఆనించుకుని ట్రెజరర్ వైపు వంగి ఏదో మాట్లాడుతున్నారు. పెదాలు కదలడం కనిపిస్తోంది, మాట వినబడట్లేదు. పందిట్లో జనం కూడా చెయ్యడానికేం లేక ఆయన్నే చూస్తున్నారు.

టక్.

"...ఇరవై వేల దాకా పాడి ఆగిపోమను మనవాణ్ణి. పోయినేడు లాగా వాడి మీదే పడితే డబ్బులెవడు కడతాడు, నువ్వా నేనా?"

పక్క వీధి దాకా వినిపించింది. చాలా శుభ్రంగా, ఎక్కడా హమ్, అంటే ఆ గుయ్యిమనే మోత, లేకుండా వినిపించింది. అది మాత్రం నేను గమనించాను. ఇన్‌పుట్ వైర్లని ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా తిప్పి తేవడానికి ఎంత తంటాలు పడ్డానో నాకే తెలుసు.

లడ్డూ వేలం ఎలా జరిగిందో చెప్పను. మర్నాడు ప్రెసిడెంట్‌గారు లిఫ్ట్ దగ్గర దొరికారు. పులిహోర గురించి, స్లాట్ల గురించి, బాలానగర్ వాడి గురించి మొత్తం చెప్పాను. ఒక్క ముక్క ఎక్కలేదు. ఆయన కోపం ఆంప్లిఫైయర్ ఆగినందుకు కాదు, మళ్లీ పనిచేసినందుకు.

"ఒకసారి ఆగిందంటే మనిషెళ్లి నొక్కేదాకా మళ్లీ రాకుండా ఉండే స్విచ్ ఏదీ దొరకదా?" అన్నారు.

దొరుకుతుంది. ధర కూడా పెద్ద తేడా ఏం ఉండదు. నేను మాత్రం దొరకదండీ అనేసి మెట్లెక్కి వెళ్లిపోయాను.