లెక్కకు రాని పొదుపు

వానలు ముఖం చాటేసిన ఏడాది ప్రతి చుక్కా విలువైనదేనని ఇంటింటికీ చెప్పే నీటి సరఫరా సంస్థలే, రాబోయే పాతిక ముప్పై ఏళ్లకు ప్రణాళిక రాసుకునేటప్పుడు ఆ చుక్కలకు పైసా విలువ కట్టడం లేదు. జలాశయాలు అడుగంటితే కుళాయి కట్టేయమంటారు, తోటలకు నీళ్లు పెట్టవద్దంటారు, వినని వారికి జరిమానా వేస్తారు. విన్నవారు వాడకం తగ్గిస్తే మాత్రం, ఆ తగ్గుదల తాత్కాలికమేనని తేల్చేసి, భావి అవసరాల అంచనాలో మళ్లీ పాత తలసరి వినియోగాన్నే వేసుకుంటారు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే. ఇలాంటి ప్రణాళికల్లో పొదుపుకూ ఒక అధ్యాయం ఉంటుంది, అందులో బొమ్మలూ నినాదాలూ ఉంటాయి. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో, ఆ అధ్యాయంలో అంకెలు అంతే. ఇది పొరపాటు కాదని, ద్వంద్వ నీతి అని మేము భావిస్తున్నాం.

తిరకాసు అంచనా కట్టే పద్ధతిలోనే మొదలవుతుంది. పెరగబోయే జనాభాను నేటి తలసరి వాడకంతో గుణించి, పైన కొంత భద్రత కలిపి, వచ్చిన మొత్తంలోంచి ఇప్పుడున్న వనరులను తీసేస్తే మిగిలేదానికి లోటు అని పేరు పెడతారు. ఆ లోటును చూపించి కొత్త జలాశయానికో, సముద్రపు నీటి శుద్ధి కేంద్రానికో నిధులు అడుగుతారు. తలసరి వాడకం ఏమన్నా శిలాశాసనమా? అమెరికా 1992లో తెచ్చిన ఇంధన విధాన చట్టం కొత్త మరుగుదొడ్ల ఫ్లష్‌కు 1.6 గ్యాలన్ల, అంటే సుమారు 6 లీటర్ల పరిమితి పెట్టింది. అంతకుముందు మార్కెట్లో ఉన్నవాటికి 13 లీటర్లు, కొన్నిటికి అంతకన్నా ఎక్కువే పట్టేది. పాత ఫ్లష్ ట్యాంకు తీసేసి కొత్తది బిగించిన ఇంట్లో, ఎవరూ ఏ ప్రతిజ్ఞా చేయకుండానే, తాడు లాగిన ప్రతిసారీ సగానికి పైగా నీరు మిగులుతుంది. కరవు పోగానే జనం పాత అలవాట్లకు మళ్లుతారన్న మాట స్నానానికి వర్తిస్తే వర్తించవచ్చు గానీ, ఇంటాయన మరచిపోయినా ఆ ట్యాంకు మరచిపోదు.

పొదుపును నిజంగానే ఒక వనరుగా లెక్కగట్టినవారు లేకపోలేదు. అమెరికాలోని బోస్టన్ ప్రాంతానికి నీరిచ్చే వ్యవస్థ నుంచి ఒకప్పుడు ఏళ్ల తరబడి, రోజుకు 30 కోట్ల గ్యాలన్లన్న సురక్షిత పరిమితిని మించి నీరు తోడారు. కనెక్టికట్ నదిని మళ్లించడమొక్కటే దారి అన్న ప్రతిపాదన అప్పుడు గట్టిగానే నడిచింది. 1980ల మధ్యలో కొత్తగా ఏర్పడిన సంస్థ నది జోలికి పోకుండా పైపుల్లో లీకేజీలను వెతికి మూసింది, లక్షల ఇళ్లలో తక్కువ నీరు పట్టే పరికరాలు బిగించింది. ఇప్పుడు అక్కడి వాడకం రోజుకు 20 కోట్ల గ్యాలన్ల దరిదాపుల్లో ఉంది, నది తన దారిన పోతోంది. మరోవైపు ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ కరవు భయంతో 2007లో తలపెట్టిన సముద్రపు నీటి శుద్ధి కేంద్రం 2012 డిసెంబరులో పూర్తయ్యేనాటికి వానలు కురిసి జలాశయాలు కోలుకున్నాయి. 2016 వరకు అక్కడి నుంచి నీరు కావాలని ఎవరూ అడగలేదు, చెల్లింపులు మాత్రం ఆగలేదు. ఆ తర్వాత ఆ కేంద్రం అక్కరకు వచ్చిన మాటా నిజమే. అయినా ఆ ఖాళీ ఏళ్ల బిల్లు కట్టింది, వాడకం తగ్గించుకోండంటే తగ్గించుకున్న నగరవాసులే.

పొదుపు చేయమని జనానికి చెప్పే ముందు సంస్థలు తమ గొట్టాల వంక చూసుకోవాలి. రాత్రి రెండు గంటలకూ నాలుగు గంటలకూ మధ్య, ఊరు గాఢనిద్రలో ఉన్నప్పుడు, ఒక పేటకు వెళ్లే పైపు మీది మీటరు జోరుగా తిరుగుతూనే ఉంటే ఆ నీరు తాగుతున్నది ఎవరు? వాల్వు మీద ఇనుప కడ్డీ ఆనించి, రెండో కొసకు చెవి పెట్టిన పనివాడికి భూమి లోపల సన్నని బుస వినిపిస్తుంది. ఆ బుసే జవాబు. రాత్రిపూట పైపుల్లో పీడనం తగ్గిస్తే చాలు, ఈ నష్టం కొంతైనా తగ్గుతుందని ఈ పని చేసే ఇంజినీర్లందరికీ తెలుసు. టోక్యో లీకేజీని 3, 4 శాతానికి దించగలిగింది. అనేక నగరాల్లో శుద్ధి చేసి వదిలిన నీటిలో మూడో వంతు బిల్లు దాకా చేరడం లేదు. ఇంటి మీటరు దాటాక కారే చుక్కకు జరిమానా, ఆ మీటరుకు ముందు కారే ఏటికి క్షమాభిక్ష!

ఇప్పటికే పొదుపుగా ఉన్న ఊరికి కరవొస్తే ఇక తగ్గించుకోవడానికేమీ మిగలదని, జనాభా పెరిగే చోట కొత్త వనరులు తప్పవని వాదించేవారున్నారు; అందులో కొంత నిజముంది. అయితే మిగిల్చిన నీటిని జలాశయంలోనే ఉంచితే అది కరవు నాటి నిల్వ అవుతుంది, కొత్త కనెక్షన్లకు పంచేస్తేనే ఆ ఇబ్బంది వస్తుంది. ఎంత నిల్వకు ఉంచాలి, ఎంత పంచాలి అన్నది ప్రణాళికలో రాయవలసిన విషయం. పొదుపుకు అంకే వేయనివారు ఈ వాదన ఎత్తుకోవడం విడ్డూరం.

చార్జీల దగ్గరకొచ్చేసరికి ఈ ద్వంద్వ నీతి మరీ నగ్నంగా కనిపిస్తుంది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ ప్రజలు 2018లో రోజుకు మనిషికి 50 లీటర్ల పరిమితి విధిస్తే వాడకం బాగా తగ్గించుకుని కుళాయిలు పూర్తిగా ఆగిపోయే రోజును తప్పించారు. అదే ఏడాది వారి నీటి చార్జీలు పెరిగాయి. పైపులకూ పంపులకూ అయ్యే స్థిర ఖర్చు నీరు తక్కువ అమ్మినంత మాత్రాన తగ్గదన్నది ఒప్పుకోవలసిందే. కానీ చార్జీలు పెంచే రోజున పొదుపు వల్ల పడిపోయిన ఆదాయాన్ని పైసలతో సహా లెక్కగట్టగలిగినవారికి, ప్రణాళిక రాసే రోజున అదే పొదుపు వల్ల మిగిలిన నీరు కనబడకపోవడం ఏమిటి? ఒకే పొదుపు ఒక పుస్తకంలో నష్టంగానూ, మరో పుస్తకంలో సున్నాగానూ ఎలా ఉంటుంది?

ప్రతి ప్రణాళికలోనూ వనరుల పట్టికలో జలాశయం పక్కనే పొదుపుకూ ఒక వరుస ఉండాలి. మిగిలే పరిమాణం, అందుకయ్యే ఖర్చు, అది సాధించాల్సిన గడువు, బాధ్యుడైన అధికారి హోదా అందులో కనిపించాలి. ఆ వరుస లేని ముసాయిదాకు ఆమోద ముద్ర వేయకూడదు, కొత్త నిర్మాణానికి అప్పు పుట్టకూడదు. అది రాయడానికి చేతులు రాని పెద్దలు, వచ్చే కరవులో పళ్లు తోముకునేటప్పుడు కుళాయి కట్టేయమని మాకు చెప్పడానికి మైకు పట్టుకోవద్దు.