పట్టా దేనికి: నరికిన నేలకా, నిలిచిన అడవికా?

1957లో నేపాల్ ప్రభుత్వం ప్రైవేటు అడవులను జాతీయం చేస్తూ చట్టం తెచ్చింది. ఒకప్పుడు నేపాల్‌ను ఏలిన రాణా వంశ పాలనలో కొన్ని కుటుంబాల చేతుల్లో పోగుపడిన అడవిని దేశానికి దక్కించి కాపాడాలన్నది దాని ఉద్దేశం. కొండ గ్రామాల్లో జరిగింది మాత్రం వేరు. చెట్లున్న నేల సర్కారుకు పోతుంది, చెట్లు లేని నేల దున్నేవాడికి మిగులుతుంది అన్నదే ఆ చట్టం నుంచి రైతు గ్రహించిన సారం కావడంతో, సర్వే సిబ్బంది వచ్చేలోగా చెట్లు కొట్టేసి సాగుభూమిగా చూపించుకోవడం చాలాచోట్ల జరిగింది. తరతరాలుగా కట్టుబాట్లతో అడవిని కాచుకున్న ఊళ్లకు కూడా అది పరాయి సొత్తయింది. 1978 నుంచి ఆ దేశం ఈ విధానాన్ని మెల్లగా దిద్దుకుంటూ వచ్చింది. 1993 అటవీ చట్టం అడవిని వాడుకునే గ్రామస్థుల సంఘాలకు దాని నిర్వహణను, ఫలసాయాన్ని అప్పగించింది. అలాంటి సంఘాలు ఇప్పుడు 22 వేలకు పైగా ఉన్నాయి. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా చేసిన అధ్యయనం ప్రకారం 1992లో దేశ విస్తీర్ణంలో 26 శాతంగా ఉన్న అడవి 2016 నాటికి 45 శాతానికి చేరింది. యువకులు గల్ఫ్‌కు, మలేషియాకు వలసపోయి కొండ పొలాలు బీడుపడడం కూడా అందుకు తోడైన మాట నిజమే. కానీ బీడు అడవిగా మారాలంటే, మొలిచిన మొక్క మీద గొడ్డలి పడకుండా ఆపే అధికారం ఊళ్లో ఎవరికో ఒకరికి ఉండాలి.

అడవుల విషయంలో మన దగ్గర రెండు వాదనలు వినిపిస్తుంటాయి. పట్టాలిస్తే అడవి మిగలదని ఒక పక్షం, హక్కులిస్తేనే మిగులుతుందని మరో పక్షం. హక్కు ఇవ్వాలా వద్దా అన్న దగ్గరే వాదన ఆగిపోవడం వల్ల అసలు ప్రశ్న వెనకబడుతోంది. ఆ హక్కును దేన్ని చూసి ఇస్తున్నాం, చెట్టు తీసేసిన నేలను చూసా, నిలబడి ఉన్న చెట్టును చూసా అన్నదాన్ని బట్టే ఫలితం ఉంటుందని వర్ధమాన దేశాల అనుభవం చెబుతోంది.

ఘనాలో కోకో రైతు సంగతే చూడండి. భూమి అతని సాగులో ఉన్నా, అందులో దానంతట అది మొలిచిన కలప చెట్టుపై అధికారం 1962 చట్టం ప్రకారం ప్రజల తరఫున దేశాధ్యక్షుడిది. చెట్టు కొట్టే అనుమతి కలప కంపెనీకి దక్కుతుంది. ఆ చెట్టు కూలినప్పుడు కింద నలిగిపోయేవి మాత్రం రైతు కోకో మొక్కలు, పరిహారం అందితే అందినట్టు. అందుకే చాలామంది రైతులు కలుపు తీసేటప్పుడే ఆ మొలకను పీకేస్తారు. నీడ కోకోకు మంచిదని తెలిసీ చేసే పని ఇది. నైజర్‌లో ఇందుకు భిన్నంగా జరిగింది. వలస పాలన నాటి చట్టం అక్కడ కూడా చెట్టును సర్కారు ఆస్తిగా మార్చింది. 1980ల నడుమ నుంచి అటవీ సిబ్బంది పట్టు సడలి, తన చేలో మొలిచిన చెట్టు తనదేనని రైతు అనుకోగలిగాక, పాత మోళ్ల నుంచి వచ్చే చిగుళ్లను కొట్టేయకుండా కాపాడుకోవడం మొదలైంది. రెండు దశాబ్దాల్లో సుమారు 50 లక్షల హెక్టార్ల చేలల్లో చెట్లు తిరిగి లేచాయని పరిశోధకుల అంచనా.

ఈ తేడా మరింత పెద్ద ఎత్తున కనిపించేది బ్రెజిల్‌లో. అమెజాన్‌లో 5 కోట్ల హెక్టార్లకు పైగా ప్రభుత్వ అడవిని దేనికి కేటాయించాలో తేల్చకుండా ఏళ్ల తరబడి వదిలేశారు. అలాంటి చోట ఆక్రమణదారు ముందు విలువైన కలప తీస్తాడు. వానలు వెనకపట్టాక మిగతాది కొట్టి తగలబెడతాడు. గడ్డి విత్తనం చల్లి పశువులను తోలుతాడు. ఆ పశువుల వల్ల వచ్చే ఆదాయం ఎంతైనా, నేల తన అనుభవంలో ఉందనడానికి అవి సాక్ష్యంగా పనికొస్తాయి. యజమానులు తమ హద్దులను తామే ప్రకటించుకునే పర్యావరణ రిజిస్ట్రీలో ప్రభుత్వ అడవిని సొంత భూమిగా గీసి ఎక్కించుకున్నవాళ్లు కూడా ఉన్నారు. 2004 చివరి వరకు జరిగిన ఆక్రమణలనే క్రమబద్ధీకరిస్తామని 2009 చట్టం చెప్పింది. 2017లో ఆ గడువును తర్వాతి తేదీకి జరిపారు. ఒకసారి జరిగిన గడువు మరోసారీ జరుగుతుందని నమ్మినవాడి చేతిలో రంపం ఆగదు.

అదే అమెజాన్‌లో ఆదివాసీ భూములున్నాయి. 1988 రాజ్యాంగం ప్రకారం వాటి యాజమాన్యం కేంద్రానిది, అనుభవ హక్కు పూర్తిగా ఆదివాసులది, అమ్మడానికి వీల్లేదు. మ్యాప్‌బయోమాస్ సంస్థ లెక్క ప్రకారం 1990–2020 మధ్య దేశవ్యాప్తంగా ఆదివాసీ భూములు సహజ వృక్ష సంపదలో 1 శాతం కోల్పోతే, ప్రైవేటు భూములు 20 శాతానికి పైగా కోల్పోయాయి. మారుమూల ఉన్నాయి కాబట్టి మిగిలాయి అన్న ఆక్షేపణ సహజంగా వస్తుంది. దానికి జవాబుగా, హద్దుకు ఇరువైపులా ఉన్న అడవిని పోల్చిన ఒక పరిశోధన 2020లో వెలువడింది. హద్దులు గుర్తించినంత మాత్రాన నరికివేత తగ్గలేదని, దేశాధ్యక్షుడి ఉత్తర్వుతో సామూహిక హక్కు సంపూర్ణమైన తర్వాతే తగ్గిందని అది తేల్చింది. పెరూలో కూడా ఆదివాసీ సముదాయాలకు భూమి హక్కు పత్రం అందిన ఏడాది, ఆ మరుసటి ఏడాది కలిపి చూస్తే నరికివేత నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయిందని 2017 నాటి మరో అధ్యయనం చూపింది.

పత్రం ఒక్కటే చాలదు. బ్రెజిల్‌లోని యానోమామి ఆదివాసుల ప్రాంతానికి 1992లోనే సంపూర్ణ గుర్తింపు వచ్చినా, నిఘాను ప్రభుత్వమే వదిలేసిన కాలంలో వేలాది బంగారు గని తవ్వకందారులు చొరబడి నదులను పాదరసంతో నింపారు. బ్రెజిల్ అమెజాన్‌లో నరికివేత 2004లో 27 వేల చదరపు కిలోమీటర్లు దాటి, 2012 నాటికి 4,600 లోపుకు దిగి, 2021లో మళ్లీ 13 వేలకు ఎగబాకడంలో హక్కులతో పాటు ఉపగ్రహ నిఘా, జరిమానాలు, బ్యాంకు రుణాలపై ఆంక్షల పాత్ర చాలా ఉంది.

ఇక మన చట్టం. 2006 అటవీ హక్కుల చట్టంలో ఈ రెండు రకాల హక్కులూ ఉన్నాయి. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న పోడు భూమికి 4 హెక్టార్లు మించకుండా ఇచ్చే వ్యక్తిగత పట్టా ఒకటి. నిజాం, మద్రాసు ప్రభుత్వాలు రిజర్వు ఫారెస్టు గీతలు గీసి సొంత నేలపైనే ఆక్రమణదారులుగా మార్చిన మనుషులకు అది రావలసిన న్యాయం. ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. రెండోది, ఊరు సంప్రదాయంగా కాపాడుకుంటూ వచ్చిన అడవి మొత్తాన్ని పరిరక్షించి నిర్వహించే హక్కును గ్రామసభకు ఇచ్చే సామూహిక అటవీ వనరుల హక్కు. నిలిచిన అడవిని చూసి ఇచ్చేది ఇదే.

తెలుగు రాష్ట్రాల్లో మొదటిది సభలు పెట్టి పంచారు, రెండోది పక్కన పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 అక్టోబరు 2న, తెలంగాణలో 2023 జూన్ చివర్లో భారీ పంపిణీలు జరిగాయి. తెలంగాణలో దాదాపు లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పట్టాలిచ్చారు. గడువు తేదీ చట్టంలో స్పష్టంగా ఉన్నా, ఎన్నికల ముందు దరఖాస్తులు పిలిచినప్పుడల్లా కొత్తగా కొట్టిన నేలకు కూడా ఏదో రోజు పట్టా వస్తుందన్న ఆశ పుడుతుంది. మరోపక్క తెలంగాణ అటవీ శాఖ పోడు చేల అంచున కందకాలు తవ్వి, హరితహారం పేరిట మొక్కలు నాటుతూ వచ్చింది. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక రేంజ్ అధికారి ప్రాణం పోయింది ఇలాంటి ఘర్షణలోనే. ఆ అధికారిదీ, పోడు కొట్టిన గుత్తికోయ ఆదివాసులదీ ఒకే విధాన వైఫల్యం కింద నలిగిన బతుకులు. ఉమ్మడి రాష్ట్రంలో ఇచ్చిన సామూహిక పత్రాలు చాలావరకు గ్రామసభల పేరిట కాక, అటవీ శాఖ అజమాయిషీలో నడిచే వన సంరక్షణ సమితుల పేరిట రాశారు. అది చట్టం ఉద్దేశాన్నే తిరగేయడం.

గోదావరికి ఆవలి గట్టున మహారాష్ట్ర గడ్చిరోలిలో కథ వేరుగా నడిచింది. మెంఢా లేఖ అనే చిన్న గోండు గ్రామానికి 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవిపై సామూహిక హక్కు వచ్చింది. అయినా తమ వెదురును తామే అమ్ముకోవడానికి రవాణా పర్మిట్ కోసం ఊరు పోరాడవలసి వచ్చింది. 2011లో అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ వచ్చి పర్మిట్ పుస్తకాన్ని గ్రామసభ చేతిలో పెట్టాక గానీ ఆ హక్కు ఆచరణలోకి రాలేదు. ఆ జిల్లాలో ఇప్పుడు అనేక గ్రామసభలు తునికాకును సొంతంగా వేలం వేస్తున్నాయి. మన ఏజెన్సీలో అదే ఆకును మండుటెండలో కోసి, 50 ఆకుల చొప్పున కట్టలు కట్టి, కల్లానికి మోసుకొచ్చే ఆదివాసీ మహిళ ఇంకెవరో ఖరారు చేసిన కట్ట ధరకు కూలీగానే మిగిలింది. అడవి నుంచి ఊరికి దక్కేది కూలీ ఒక్కటే అయితే, అదే అడవిని కొట్టి పత్తి వేస్తే పట్టా వస్తుందన్న ఆశ ఉంటే, ఆ కుటుంబం ఏది ఎంచుకుంటుందో ఊహించడం కష్టం కాదు.

పోడు పట్టాల కోసం మరో విడత దరఖాస్తులు పిలిచే ముందు రెండు ప్రభుత్వాలూ చేయవలసిన పని ఒకటుంది. వన సంరక్షణ సమితుల పేరిట ఉన్న సామూహిక పత్రాలను రద్దు చేసి గ్రామసభల పేరిట మళ్లీ జారీ చేయాలి. ఊరి సంప్రదాయ హద్దులను ఆ ఊరి పెద్దలను వెంటబెట్టుకుని సర్వే చేయాలి. వచ్చే తునికాకు సీజన్ నాటికి ఆ హద్దుల్లోని ఆకుకు, వెదురుకు వేలం వేసే అధికారాన్ని, రవాణా పర్మిట్ మీద సంతకం చేసే అధికారాన్ని గ్రామసభలకే అప్పగించాలి. ఇందుకు కొత్త చట్టం అవసరం లేదు.